థైరాయిడ్, మన ఒళ్ళు, మన హాజరు పుస్తకం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పోయిన ఏడాది ఈ సభలో మేము రక్తహీనత గురించి మాట్లాడాం. ఈసారి థైరాయిడ్ గురించి చెప్పమని గ్రామ సంఘాల నుంచి అడిగారు. "మా సంఘంలో ఇద్దరికి థైరాయిడ్ ఉందంట, అది అంటుకుంటదా?" అని కూడా ఒకరు అడిగారు. అంటుకోదు. పక్కన కూర్చున్నా, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగినా రాదు. ఆ భయం ఇక్కడే వదిలేయండి.

అసలు విషయంలోకి వెళ్ళేముందు మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. మా ఉపసంఘంలో ముగ్గురం ఒకే సంఘం వాళ్ళం. మా సంఘంలో ఒక అక్క ఉంది. పేరు చెప్పం, ఆవిడ వద్దంది. తొమ్మిదేళ్ళు పొదుపు ఒక్క నెల తప్పలేదు. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎన్ని కిస్తీలు మిగిలాయి అన్నది పుస్తకం చూడకుండా నోటితో చెప్పేది. అలాంటి మనిషి మీటింగుకి ఆలస్యంగా రావడం మొదలెట్టింది. వచ్చినా గోడకి ఆనుకుని కునికిపాట్లు. నిన్న చెప్పిన లెక్క ఇవాళ గుర్తుండేది కాదు. గొంతు బొంగురుపోయింది. ఉగాది దాటి ఎండలు ముదిరినా ఫ్యాను వద్దని మూలన కూర్చునేది. వరుసగా నాలుగు మీటింగులు రాలేదు. మేము ఏం చేశాం? పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం కదా అని, మీటింగుకి 20 రూపాయల చొప్పున 80 రూపాయలు ఫైన్ వేశాం. మినిట్స్ పుస్తకంలో "నిర్లక్ష్యం వలన" అని రాశాం. కొడుక్కి ఉద్యోగం వచ్చాక బద్ధకం పెరిగిందని వెనక మాట్లాడుకున్నాం కూడా. ఇంట్లో అత్తగారూ అదే మాట అందట.

దాదాపు రెండేళ్ళు అలా గడిచిపోయింది. చివరికి ఏఎన్‌ఎం అమ్మాయి బీపీ చూడ్డానికి వచ్చి, మొహం ఉబ్బి ఉండడం, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం చూసి రక్త పరీక్షకి పంపింది. థైరాయిడ్ బాగా తగ్గిపోయిందని తేలింది. మాత్రలు మొదలెట్టిన మూడు నెలలకి ఆ అక్క మళ్ళీ మా ముందు కూర్చుని, బుక్ కీపర్ తప్పు రాసిన వడ్డీ లెక్కని సరిచేసింది. మేము సిగ్గుపడి 80 రూపాయలు తిరిగి ఇవ్వబోతే ఆవిడ అన్న మాట ఇది: "డబ్బులు ఉంచుకోండి. పుస్తకంలో ఆ నిర్లక్ష్యం అన్న మాట కొట్టేయండి."

ఆ మాట వల్లే ఇవాళ మేము ఈ ప్రసంగం చేస్తున్నాం.

"నాకు థైరాయిడ్ ఉంది" అంటాం. నిజానికి థైరాయిడ్ అందరికీ ఉంది, మగవాళ్ళకీ ఉంది. అది గొంతు ముందు భాగంలో, గుటక వేస్తే పైకీ కిందకీ కదిలే ఎముకలాంటి దానికి కాస్త దిగువన, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉండే చిన్న గ్రంథి. బరువు ఇంచుమించు 20 గ్రాములు. మన పిల్లల బడి పుస్తకాల్లో దీన్నే అవటు గ్రంథి అని రాస్తారు. పిల్లల్ని అడగండి, మనకంటే బాగా చెప్తారు.

ఈ గ్రంథి మనం తిన్న తిండిలోంచి అయోడిన్ తీసుకుని రెండు హార్మోన్లు తయారుచేస్తది. ఒకటి టీ4, ఇంకొకటి టీ3. ఆ అంకెలు అయోడిన్ పరమాణువుల లెక్క, ఒకదాంట్లో నాలుగు, రెండోదాంట్లో మూడు. గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4. అది ఒంట్లో తిరుగుతూ, అవసరమైన చోట ఒక అయోడిన్ వదిలేసి టీ3గా మారి పని చేస్తది. ఏం పని అంటే, గ్యాస్ పొయ్యి మీద మంట పెంచి తగ్గించే చెవి ఉంటది కదా, ఒంటికి ఇది అలాంటిది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగు ఎంత చురుగ్గా కదలాలి, ఒంట్లో వేడి ఎంత ఉండాలి, కొవ్వు ఎంత కరగాలి, నెలసరి ఎప్పుడు రావాలి, చర్మం, జుట్టు, జ్ఞాపకం, మనసు ఉల్లాసం, అన్నిటి మీదా దీని చెయ్యి ఉంది. అందుకే ఇది తగ్గితే ఒక్కచోట నొప్పి అని చూపించడానికి ఉండదు. ఒళ్ళంతా కొంచెం కొంచెం నెమ్మదిస్తది. మనం దాన్ని జబ్బు అనుకోం, వయసు అనుకుంటాం. పక్కవాళ్ళు బద్ధకం అనుకుంటారు.

మంట తగ్గితే కనిపించేవి ఇవి. ఎంత నిద్రపోయినా తీరని నీరసం, చలికి ఓర్వలేకపోవడం, విరేచనం సాఫీగా కాకపోవడం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, మొహం, కళ్ళ కింద ఉబ్బు, గొంతు బొంగురు, మతిమరుపు, ఏదీ చెయ్యబుద్ధి కాకపోవడం. నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, దానివల్ల రక్తం తగ్గడం. పోయిన ఏడాది మేము చెప్పిన రక్తహీనతకి, దీనికి ఇక్కడ చుట్టరికం ఉంది. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా నీరసం పోనివాళ్ళు ఈ పరీక్ష కూడా అడిగి చేయించుకోవాలి. బరువు పెరగడం కూడా ఉంటది. కానీ అది చాలామందిలో నాలుగైదు కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో చేరిన నీరే. పెరిగిన బరువంతా థైరాయిడ్ ఖాతాలో రాసేయకండి.

మంట మరీ పెరిగితే దీనికి తలకిందులు. గుండె దడ, చేతులు వణకడం, చెమటలు, ఆకలి బాగానే ఉన్నా మనిషి చిక్కిపోవడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం, నెలసరి తక్కువగా రావడం. కొందరికి కళ్ళు ముందుకి పొడుచుకొచ్చినట్టు అవుతాయి. దీనికి మందులు వేరు. కొందరికి అయోడిన్ చికిత్స, కొందరికి ఆపరేషన్ చేస్తారు. మాత్రలు వాడుతుండగా గొంతునొప్పి, జ్వరం వస్తే మామూలు జ్వరమే అనుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళి, వాడుతున్న మాత్ర చూపించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. తక్కువైనా థైరాయిడే, ఎక్కువైనా థైరాయిడే అంటున్నాం. ఒకే పేరు, రెండూ ఎదురుబొదురు జబ్బులు. పక్క ఊళ్ళో ఒక చెల్లి గుండె దడగా ఉందని, మెడ దగ్గర లావుగా ఉందని, "నీకూ థైరాయిడే" అని ఎవరో అంటే పొరుగింటావిడ మాత్రలు తెచ్చుకుని వేసుకుంది. ఆ అమ్మాయికి ఉన్నది ఎక్కువ థైరాయిడ్. మండుతున్న పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టయింది. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మనం పప్పు, ఉప్పు, బియ్యం బదులు ఇచ్చుకుంటాం. థైరాయిడ్ మాత్ర బదులు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. సన్నబడతామని ఈ మాత్ర వేసుకునేవాళ్ళు కూడా ఉన్నారని విన్నాం. దానివల్ల గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

ఇప్పుడు రిపోర్టు సంగతి. రక్త పరీక్ష చీటీ మీద టీఎస్‌హెచ్ అని ఉంటది. "నాకు టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చింది, అంటే థైరాయిడ్ ఎక్కువైంది" అని చాలామంది పొరబడతారు. మన లెక్కలోకి తెచ్చి చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక సంఘం కిస్తీ కట్టకపోతే గ్రామ సంఘం నుంచి కబుర్లు ఎక్కువ వెళ్తాయి. ఇంకా కట్టకపోతే ఇంకా ఎక్కువ. సరిగ్గా కట్టే సంఘానికి కబురే అక్కర్లేదు. మెదడు కింద పీయూష గ్రంథి అని ఒకటి ఉంది, అది గ్రామ సంఘం. అది థైరాయిడ్‌కి పంపే కబురే టీఎస్‌హెచ్. కబురు ఎక్కువ వెళ్తోందంటే థైరాయిడ్ పని తక్కువ చేస్తోందని అర్థం. కబురు దాదాపు ఆగిపోయిందంటే థైరాయిడ్ అవసరానికి మించి పనిచేస్తోందని, లేదా మనం వేసుకునే మాత్ర మోతాదు ఎక్కువైందని అర్థం. చాలా ల్యాబుల్లో సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 వరకు మామూలు అని చీటీ మీదే వేస్తారు. గర్భిణులకు ఆ లెక్క వేరు. అంకె కొంచెం దాటినంత మాత్రాన అందరికీ మాత్ర అవసరం ఉండదు. కొన్ని వారాలు ఆగి డాక్టర్లు మళ్ళీ పరీక్ష చేయిస్తారు. అందుకని చీటీ పట్టుకుని నేరుగా మందుల షాపుకి వెళ్ళొద్దు.

ఎందుకు తగ్గుతుంది అన్నదానికి రెండు పెద్ద కారణాలు. ఒకటి, ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే పొరబాటున థైరాయిడ్ మీద పడి దాన్ని నెమ్మదిగా పాడుచేయడం. 1912లో జపాన్ డాక్టరు హషిమోటో దీన్ని మొదట వివరించాడు, అందుకే ఆయన పేరుతో పిలుస్తారు. ఇది మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో చాలా రెట్లు ఎక్కువ. తల్లికి, అక్కకి ఉంటే మనకి వచ్చే అవకాశం ఉంది. ఎవరి పాపమూ, ఎవరి దృష్టీ కాదు.

రెండోది అయోడిన్ లోపం. దీని గురించి మన జిల్లా వాళ్ళం గర్వంగా చెప్పుకోవాల్సిన కథ ఒకటుంది. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఇంటింటా మెడ దగ్గర వాపు ఉండేది, గలగండం అంటాం కదా, అది. 1956లో ఆయన, ఆయనతోటి డాక్టర్లు ఆ లోయని మూడు భాగాలు చేసి, రెండు భాగాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్య భాగానికి మామూలు ఉప్పు అందేలా ఏర్పాటు చేశారు. కొన్నేళ్ళకి అయోడిన్ ఉప్పు తిన్న చోట్ల గలగండం బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. తర్వాత ఆ మధ్య భాగానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. 1962లో దేశమంతటికీ గలగండం నివారణ కార్యక్రమం వచ్చింది. ఇవాళ ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని కనబడుతున్న మాట వెనక ఆ పని ఉంది.

మనిషికి రోజుకి కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. జీవితం మొత్తానికి కలిపినా ఒక టీ చెంచాడు. కానీ రోజూ అందాలి. మన తీరంలో నౌపడా లాంటి చోట్ల ఉప్పు మళ్ళు ఉన్నాయి. కల్లు ఉప్పు చవక, ఆవకాయకి అదే బాగుంటుందని మన నమ్మకం. సముద్రపు ఉప్పు కదా, అయోడిన్ ఉండదా అని అడుగుతారు. ఎండబెట్టి తీసిన ఉప్పులో అది నామమాత్రంగానే మిగులుతుంది, విడిగా కలపాల్సిందే. ఆవకాయలో కల్లు ఉప్పు వేసుకోండి, మేమూ వేస్తాం. రోజువారీ కూరలోకి మాత్రం అయోడిన్ ఉప్పు వాడండి. ఈమధ్య గులాబీ రంగు ఉప్పు ఖరీదు పెట్టి కొంటున్నారు, అయోడిన్ కలిపారో లేదో ప్యాకెట్ మీద చూసుకోండి. ఉప్పుని మూత గట్టిగా ఉండే డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. కూర దించేముందు వేస్తే మంచిది. వేడికీ తేమకీ అయోడిన్ తగ్గిపోతుంది. అయితే ఇప్పటికే గ్రంథి పాడైనవాళ్ళకి ఉప్పు మందు కాదు. ఎక్కువ తింటే థైరాయిడ్ తగ్గదు, బీపీ పెరుగుతుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలా అని ప్రతి సంఘంలోనూ అడిగారు. మామూలుగా వండుకుని తినేంతలో ఏమీ కాదు. పండిన కూర పారేయకండి.

మాత్ర సంగతి కొంచెం నిదానంగా వినండి, ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతున్నాయి. తక్కువ థైరాయిడ్‌కి ఇచ్చేది మందు అనేకంటే, గ్రంథి తయారుచేయలేకపోతున్న టీ4నే బయట నుంచి ఇవ్వడం అనుకోవాలి. సీసా మీద 25, 50, 75, 100 అని అంకె ఉంటది. ప్రతిసారి కొనేటప్పుడు ఆ అంకె సరిచూసుకోండి. నిద్ర లేవగానే, పరగడుపున, నీళ్ళతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట దాకా టీ, కాఫీ, తిండి ఏమీ వద్దు. మనకి కష్టం ఇక్కడే. తెల్లారకట్ల నాలుగింటికి లేచి, టీ గొంతులో పడందే పాచిపని మొదలవ్వదు. మాలో ఒకావిడ చేసే పని చెప్తాం. మాత్ర, నీళ్ళ గ్లాసు తలగడ దగ్గరే పెట్టుకుంటది. లేవగానే వేసుకుని, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టాక అప్పుడు టీ. ముగ్గు పెద్దది వేసినందుకు వీధిలో పేరు కూడా వచ్చింది. పొద్దున ఎలాగూ కుదరదన్నవాళ్ళు డాక్టరుని అడిగి, రాత్రి అన్నం తిన్న మూడు గంటలకి వేసుకోవచ్చు. శనివారం ఒక్కపొద్దు ఉన్నా మాత్ర మానక్కర్లేదు.

ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర దీంతో కలిపి మింగేస్తున్నారు. "అన్నీ ఒకేసారి అయిపోతే గొడవ వదిలిపోద్ది" అంటారు. అలా మింగితే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. మధ్యలో నాలుగు గంటలు ఉండాలి. పొద్దున థైరాయిడ్, మధ్యాహ్నం భోజనమయ్యాక ఐరన్, రాత్రి కాల్షియం అని పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంకో పొరబాటు, మధ్యలో ఆపేయడం. ఊరెళ్ళినప్పుడు మర్చిపోతాం. పది రోజులు వేసుకోకపోయినా బాగానే ఉంది కదా, అయితే జబ్బు తగ్గిపోయినట్టే అనుకుంటాం. అలా ఎందుకు అనిపిస్తుందంటే, రక్తంలో ఉన్న టీ4 సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. పొదుపు కట్టడం ఆపిన నెలలోనే సంఘం ఖాతా ఖాళీ అవ్వదు కదా, అలాగే. నిల్వ మీద నడుస్తాం. నిల్వ అయిపోయాక నీరసం మెల్లగా వెనక్కి వస్తుంది. అప్పుడు మాత్ర ఆపిన సంగతి ఎవరికీ గుర్తుండదు. మొదలెట్టినప్పుడూ ఇంతే. నాలుగు రోజుల్లో ఏమీ తేడా కనబడదు. అందుకే మాత్ర మొదలెట్టినా, మోతాదు మార్చినా ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ పరీక్ష చేస్తారు. కుదురుకున్నాక ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చాలు.

కోడళ్ళున్న అత్తలూ, కూతుళ్ళున్న అమ్మలూ ఇది వినండి. కడుపులో బిడ్డ మొదటి మూడు నెలలు తన థైరాయిడ్ తను తయారుచేసుకోలేదు, తల్లి దగ్గర నుంచే రావాలి. బిడ్డ మెదడు ఎదగడానికి అది కావాలి. నెల తప్పిందని తెలియగానే "కడుపుతో ఉన్నప్పుడు మాత్రలు మంచివి కావు" అని థైరాయిడ్ మాత్ర మాన్పించేవాళ్ళు ఉన్నారు. ఆ సమయంలో మాన్పించడం కాదు, చాలామందికి మోతాదు పెంచాల్సి వస్తుంది. నెల తప్పిన వారంలోనే డాక్టరుకి చూపించాలి. పిల్లలు నిలవకపోవడం, పిల్లలు కలగకపోవడం వెనక కూడా ఒక్కోసారి ఇది ఉంటుంది. కోడల్ని మాట అనేముందు పరీక్ష చేయించండి. కాన్పయిన ఏడాదిలోపు కూడా థైరాయిడ్ తేడా రావచ్చు. బాలింత నీరసం అని కొట్టిపారేయకండి.

బిడ్డ పుట్టాక మూడో రోజు నుంచి ఐదో రోజులోపు మడమ దగ్గర ఒక్క చుక్క రక్తం తీసి థైరాయిడ్ చూస్తారు. మన దేశంలో సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి ఈ లోపం ఉంటుంది. పుట్టినప్పుడు చూస్తే ఏమీ తెలియదు, చక్కగా నిద్రపోయే మంచి బిడ్డ అనుకుంటాం. రెండు వారాల్లోపు మందు మొదలెడితే మిగతా పిల్లల్లాగే ఎదుగుతుంది, చదువుకుంటుంది. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. కొన్ని చోట్ల అడగందే చేయరు. కాన్పుకి తోడు వెళ్ళేవాళ్ళు నోరు తెరిచి అడగాలి.

చివరగా ఉపసంఘం తరఫున సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాం. వరుసగా రెండు మీటింగులు రాని సభ్యురాలికి ఫైన్ రాసేముందు ఇద్దరు సభ్యులు ఇంటికి వెళ్ళి ఒంట్లో ఎలా ఉందో అడగాలి. మినిట్స్ పుస్తకంలో కారణం ఆవిడ చెప్పిన మాటల్లోనే రాయాలి. పరీక్షకి డబ్బు లేకపోతే అంతర్గత అప్పు ఇవ్వడానికి మరో మీటింగు దాకా ఆగనక్కర్లేదు, లీడర్లిద్దరూ సంతకం పెడితే చాలు. మా సంఘంలో ఇది ఇప్పటికే రాసుకున్నాం. ఆ పాత పేజీలో "నిర్లక్ష్యం వలన" అన్న చోట ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన "అనారోగ్యం వలన" అని రాసి పదిమందిమీ సంతకాలు పెట్టాం. మొదటి సంతకం ఆ అక్కదే.

రక్త పరీక్షకి వెళ్ళాలనుకునేవాళ్ళు భోజనాల తర్వాత మీ వీఓఏకి పేరు ఇవ్వండి, గ్రామ సంఘం వారీగా జాబితా చేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోజు అడుగుతాం. ఇప్పటికే మాత్ర వాడుతున్నవాళ్ళు ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. పాత చీటీలు, సీసా వెంట తెచ్చుకోండి.